ఎదిగిన బల్ల

తాకెరా నది ఊళ్ళోకి వచ్చిన ఏటి నుంచి లెక్కపెడితే అది ఆరో ఏడు. మా లోయలో వేరే లెక్క లేదు. పెళ్ళయినా, పురుడయినా, ఇల్లు కాలినా, వరదకి ముందా తర్వాతా అనే అడుగుతారు.

ఆ ఏడు మార్చి నెలాఖరుకి యసుజో ఇంట్లో మాటలు ఆగిపోయి మూడు రోజులయింది.

ఈ కథ వెంట వస్తున్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు మాటలు. కోడలు నోబు పట్నం ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. "వరదలో దొరకనివాళ్ళు ఆరుగురు మామయ్యా. అయిదుగురు పోయినట్టు రాసుకుని పేర్లు కొట్టేశారు. మన కినుయె పేరొక్కటే మిగిలింది. మీరు ముద్ర వేస్తే గుళ్ళో కర్మ చేయించుకుంటాను," అంది. సంతకానికి బదులు వేసే, ఇంటిపేరు చెక్కిన ముద్ర ఇంటి పెద్ద దగ్గరే ఉంటుంది. యసుజో ముద్రని నడుం గుడ్డలో దోపుకుని బయటికి నడిచాడు. వేస్తాననలేదు, వెయ్యననీ అనలేదు.

కినుయె అతడి మనవరాలు. కొడుకు యుద్ధం నుంచి జబ్బుతో వచ్చి, ఆ పిల్ల నడక నేర్వకముందే పోయాడు. వరద నాటికి దానికి ఆరేళ్ళు దాటాయి, బళ్ళో చేరి మూడో నెల. ఆ రోజు బడి మధ్యలోనే వదిలారు. వంతెన దారిన ఎవరూ పోవద్దని పిల్లలందర్నీ వరస కట్టించి కొండదారిన పంపారు. వరసలో కినుయె ఉందని ముగ్గురు పిల్లలు చెప్పారు. ఆ దారిలో కొండచరియ విరిగింది. కొందరు పిల్లలు పోయారు. కొందరిని అవతలి ఊళ్ళవాళ్ళు లాగి లారీల్లో ఎక్కించుకుని వెళ్ళారు. పేరు చెప్పలేనివాళ్ళు అనాథ ఆశ్రమాలకి చేరారని ఒక మాట పుట్టింది. ఆ మాట పట్టుకుని యసుజో ఆరేళ్ళలో పదకొండు ఆశ్రమాల గుమ్మాలెక్కాడు.

కొండదారిన పోయింది. వంతెన వైపు పోలేదు. ఆ ఒక్క మాట మీద అతడు బతుకుతున్నాడు. అది అతడికి ఎందుకంత ముఖ్యమో నోబుకి కూడా తెలియదు.

ఇప్పుడు కినుయె తరగతి పిల్లలు ఆరో తరగతి ముగించి ఆ బడి దాటారు. చివరి రోజు అందరి పేర్లతోపాటు దాని పేరూ పిలిచారట. నోబు వెళ్ళింది, యసుజో వెళ్ళలేదు. మర్నాడు హెడ్మాస్టరు కబురంపాడు. ఆరేళ్ళూ ఆ పిల్ల రాసుకునే బల్లని కిటికీ పక్కన అలాగే ఉంచాం, పిల్లలు ఏటా ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకెళ్ళారు, ఇప్పుడు ఇంటికి తీసుకెళ్ళండి అని.

సెలవులు మొదలైన రోజు పొద్దున్నే యసుజో వీపుకి కట్టెలు మోసే చట్రం తగిలించుకుని బడికి బయల్దేరాడు.

బడి ఆవరణలో మనుషులున్నారు. ఏటా వసంతం సెలవుల్లో పట్నం నుంచి బాగుచేసే జట్టు వస్తుంది. లోయలోని అయిదు బళ్ళు వరసగా చూస్తారు. కప్పు పెంకులు సర్దుతారు, పగిలిన కిటికీలకి అద్దాలు వేస్తారు, బల్లలు చూస్తారు. జట్టుకి పెద్ద ఇవామురా మేస్త్రీ. బట్టతల, పెద్ద గొంతు. యసుజోని చూడగానే సుత్తి ఊపాడు.

"ఏమయ్యా పెద్దాయనా! ఏడింటికి రమ్మంటే ఎనిమిదింటికా రావడం? పొద్దున్నే పెళ్ళికెళ్ళొచ్చావా?"

యసుజో నిలబడ్డాడు.

"ఆ చట్రం అక్కడ పడేసి రా. మేకులు పీకడం వచ్చా?"

పట్నం నుంచి రోజుకూలీకి ఇంకో మనిషి రావాల్సి ఉంది. ఆ మనిషే ఇతడనుకున్నాడు మేస్త్రీ. నేను ఫలానా, బల్ల కోసం వచ్చాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ యసుజో చేత రెండు మాటలు వరసగా పలికించినవాడికి సాకే సారా జాడీ పందెం అని ఊళ్ళో వేళాకోళం. అతడు ప్రశ్న వరకే జవాబు చెప్పాడు.

"వచ్చు."

నిచ్చెన మీద కిటికీకి లప్పం పెడుతున్న మనిషి వెనక్కి తిరిగింది. హత్సుయో. దిగువన నది కొడవలి మలుపు దగ్గర ఒంటరిగా ఉంటుంది. పట్టుపురుగుల పెంపకం ఆమె బతుకు, ఖాళీ రోజుల్లో జట్టు పని. ఆమెకి యసుజో తెలుసు. నోరు తెరిచింది. యసుజో ఆమెకేసి చూసి తల కొంచెం అడ్డంగా ఊపాడు. హత్సుయో నోరు మూసుకుంది. అలవాటు లేని పని గనుక చేతిలో లప్పం జారి మేస్త్రీ బట్టతల పక్కగా పడింది.

"చంపుతావా ఏంటే!"

"మెరుస్తుంటే కిటికీ అద్దం అనుకున్నాను మేస్త్రీ."

యసుజో చట్రం గోడకానించి, చేతికిచ్చిన ఇనుప కొక్కెం అందుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో అతడికే తెలియదు. బల్ల కోసం లోపలికి వెళ్ళడం కంటే మేకులు పీకడం తేలిక అనిపించి ఉండొచ్చు.

పని ఇది. యుద్ధం తర్వాత కలప దొరక్క, బడికి కొత్త బల్లలు రావడం ఆగిపోయింది. ఒకటో తరగతిలో ఎవరికి ఏ బల్ల ఇస్తే ఆరేళ్ళూ అదే. పిల్ల పెరిగేకొద్దీ ఏటా వసంతంలో బల్ల నాలుగు కాళ్ళ కిందా ఒక్కో చెక్కముక్క కొడతారు, మరీ పెరిగితే రెండు, పెరగకపోతే ఆ ఏడు లేదు. బల్లకి గెటాలు తొడగడం అంటారు, మనం వానలో వేసుకునే ఎత్తు చెక్కచెప్పుల్లాగా. ఆరో తరగతి అయిపోయాక ఆ గెటాలన్నీ ఊడదీస్తే, బల్ల మళ్ళీ పొట్టిదై ఒకటో తరగతి పిల్లలకి పోతుంది. ఊడిన చెక్కలు, తీసిన మేకులు మళ్ళీ వాడతారు.

ఆరో తరగతి బల్లలు వరండాలో వరసగా పెట్టి ఉన్నాయి. యసుజో ఒక్కోటీ తలకిందులు చేసి, చెక్కకీ కాలికీ మధ్య కొక్కెం దూర్చి, మడమతో నొక్కి లేపాడు. మేకు మరీ వంకర పోకుండా బయటికి వచ్చింది. తడవకి ఒకటి చొప్పున రాతి మీద పెట్టి సుత్తితో సాపు చేశాడు. నలభై ఏళ్ళు తాకెరా మీద దుంగల తెప్పలు నడిపిన చేతులు. చెక్క ఎటు వంగుతుందో, ఎక్కడ చీలుతుందో చెప్పక్కర్లేదు.

మేస్త్రీ ఒక మేకు తీసి వెలుగుకి పట్టి చూశాడు. "ఏం పెద్దాయనా, ఇది కొన్న మేకులాగే ఉందే! ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు నువ్వు?"

యసుజో ఇంకో బల్ల తిప్పాడు. మూడు వరసల గెటాలు. పొట్టి పిల్ల. దాని పక్కది ఏడు వరసలు.

"అది సవాదా వాళ్ళ పెద్దోడిది," అంది హత్సుయో నిచ్చెన మీంచి. "చిలగడదుంపలు తిని వెదురులా పెరిగాడు. వాళ్ళమ్మ పంట్లాం అంచులు దించీ దించీ, ఇంక దించడానికి గుడ్డ లేక ఏడుస్తోంది."

మేస్త్రీ నవ్వాడు. యసుజో నవ్వలేదు గానీ, చెక్కలు కుప్ప వేస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆరేళ్ళుగా అతడు పదిమందిలో కూర్చుని పని చెయ్యలేదు. ఎండ వరండాలోకి వచ్చింది. కోసిన దేవదారు వాసన. ఒక్కో బల్ల కింద ఒక్కో పిల్లవాడు ఎంత పెరిగాడో లెక్క తేలుతోంది. పద్దెనిమిది బల్లలు అయ్యాయి.

పంతొమ్మిదో బల్ల పైభాగం శుభ్రంగా ఉంది. సిరా మరక లేదు, చాకుతో చెక్కిన పిచ్చిగీత లేదు. ఎవరూ వాడని బల్ల. తలకిందులు చేశాడు. అయిదు వరసల గెటాలు, నాలుగు కాళ్ళకీ సమానంగా. చెక్కలు చిత్రిక పట్టి ఉన్నాయి. మిగతావాటికి అలా లేదు.

అడుగు పలక మీద కుంచెతో రాసిన అక్షరాలున్నాయి. ఒకటో తరగతి పిల్లలు చదువుకునే అక్షరాలు. యసుజో చదివింది మూడేళ్ళు. పై తరగతుల్లో నేర్పే చిక్కు అక్షరాలు రావు, ఇవి వచ్చు. ఈ మూడూ మరీ బాగా వచ్చు. ఆశ్రమాల గోడలకి అంటించే కాగితాల మీద ఎన్నిసార్లు రాశాడో లెక్కలేదు.

కి. ను. యె.

కొక్కెం కింద పెట్టేశాడు.

"ఏంటి, రావడంలేదా?" మేస్త్రీ వచ్చి వంగి చూశాడు. "ఓ, ఇదా. ఇది ఈ ఊరి వింత. దీని పిల్ల వరదలో పోయింది. కూర్చునేవాళ్ళు లేరు గానీ బల్లకి మాత్రం ఏటా గెటాలు పడతాయి. ఆ బంట్రోతు ముసలాడున్నాడు చూడు, సెన్కిచి, వాడి పని. చెక్క దండగరా అని రెండుసార్లు తిట్టాను. మతి సరిగా లేదు వాడికి."

"మేస్త్రీ," అంది హత్సుయో, "నోరు ముయ్యండి."

"ఏంటే, నన్నే..."

"ఆయన ఆ పిల్ల తాత."

మేస్త్రీ నుదుటి చుట్టూ కట్టిన గుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "మీరు... ఆ మాట ముందే చెప్పొచ్చుగదండీ," అన్నాడు, నువ్వు అనే మాట మర్చిపోయి.

యసుజో వినలేదు. బల్ల కాలు మీద వేలు పెట్టి ఒక్కో చెక్కనీ తడుముతున్నాడు. రెండో తరగతి. మూడు. నాలుగు. అయిదు. ఆరు.

పది గంటల టీ వేళయింది. సెన్కిచి పొగలుగక్కే కెటిలూ, ముల్లంగి ఊరగాయ పళ్ళెమూ పట్టుకుని తన గదిలోంచి వచ్చాడు. గేటు పక్క గదిలోనే అతడి కాపురం. బడి గంట కొట్టేదీ, పొయ్యి రాజేసేదీ అతడే. యసుజో ఈడువాడు. అరవై ఏళ్ళ కిందట ఇద్దరూ ఇదే బళ్ళో ఒకే ఏడు చేరారు. యసుజో మూడేళ్ళకి మానేసి నదికి పోయాడు, సెన్కిచి బళ్ళోనే ఉండిపోయాడు.

తలకిందులుగా ఉన్న బల్లనీ, దాని ముందు కూర్చున్న మనిషినీ చూసి అతడు కెటిల్ కింద పెట్టాడు.

"ఇవి నువ్వు కొట్టావా?" అన్నాడు యసుజో.

"కొట్టాను."

"ఎందుకు?"

సెన్కిచి గొంతు సవరించుకున్నాడు. "పెరుగుతుంది గదా."

యసుజో మోకాళ్ళ మీదికి జరిగాడు. రెండు చేతులూ నేలకి ఆనించి, నుదురు వాటి మీద పెట్టాడు. ఆరేళ్ళుగా ఊళ్ళో అందరూ పోయిన పిల్ల అనే అన్నారు. కన్నతల్లి కూడా అంది. కోనలో తానొక్కడే మనసులో దాన్ని ఏటికేడు పెంచుతున్నాననుకున్నాడు. అలా పెంచుతున్నవాడు ఇంకొకడున్నాడు. చెక్క చిత్రిక పట్టి మరీ.

"సెన్కిచీ," అన్నాడు నేలకేసి. "నీ రుణం నేను తీర్చుకోలేను."

"లే," అన్నాడు సెన్కిచి. "లేవయ్యా."

యసుజో లేవలేదు.

"లేవమంటున్నానా! నాకు మొక్కకు. నాకు మొక్కకురా యసుజో!" అతడూ కూలబడ్డాడు. కాలు తగిలి ఊరగాయ పళ్ళెం బోర్లాపడింది. "ఆవేళ ఆ పిల్ల వెనక్కొచ్చింది."

యసుజో తలెత్తాడు.

"వరస కొండదారి మలుపు దాకా పోయింది. ఈ పిల్ల ఒక్కతీ విడిపోయి పరిగెత్తుకొచ్చింది. నేను కింది గదుల్లో బల్లలు మేడ మీదికి చేరేస్తున్నాను. అప్పటికే గుమ్మంలోకి నీళ్ళు. అదిగో, ఆ గుమ్మంలోనే నిలబడింది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి. 'సెన్కిచి తాతా, మా తాత వంతెన దగ్గర ఉంటాడు గదా' అని అడిగింది."

హత్సుయో నిచ్చెన దిగింది. చప్పుడు లేకుండా దిగింది.

"వానొస్తే నువ్వక్కడ ఉంటావు. రెండు గడ్డి గొంగళ్ళు పట్టుకుని, ఒకటి నీకు, చిన్నది దానికి. ఊరందరికీ తెలుసు. ఎంత వానైనా నువ్వు లేని రోజు లేదు." సెన్కిచి కళ్ళు తుడుచుకోలేదు. "నా చేతుల్లో బల్ల ఉంది. దించలేదు. తల తిప్పి చూడలేదు. 'ఎప్పుడు లేడే? పో, ముసలాడు తడుస్తుంటాడు, తొందరగా పో' అన్నాను."

"తర్వాత?" అన్నాడు మేస్త్రీ, అడగకూడదని తెలిసీ.

"'అయితే పోతాను' అని నవ్వింది. నవ్వడం వినిపించింది. నేను చూళ్ళేదు."

కెటిల్ మూతిలోంచి ఆవిరి వస్తూనే ఉంది.

"ఇన్నేళ్ళు ఎలా దాచావయ్యా?" అంది హత్సుయో. తిట్టాలని మొదలెట్టింది గానీ, చివరికి వచ్చేసరికి మాటలో తిట్టు లేదు.

"మర్నాడు చెబ్దామనే పోయాను. యసుజో కొండదారిన పేరు పెట్టి పిలుస్తూ వెతుకుతున్నాడు. వెతకనీ, ఇంకో రోజు అనుకున్నాను. అలా ఏడాదయింది. రెండో తరగతికి బల్లలు ఎత్తు చేస్తుంటే ఇదొక్కటీ పక్కవాటి మధ్య గుంటలో పడ్డట్టు కనిపించింది. చూడలేక ఒక చెక్క కొట్టాను. కొట్టాక ఇంక ఎలా చెప్పను? పెంచుతున్నవాణ్ణి, పోయిందని ఎలా చెప్పను?" సెన్కిచి యసుజో చొక్కా అంచు పట్టుకున్నాడు. "కొట్టరా నన్ను. ఆ సుత్తి పెట్టి కొట్టు."

యసుజో అతడి చెయ్యి విడిపించాడు. ఒక్క ప్రశ్న అడిగాడు.

"గంటెంత?"

"ఆఁ?"

"అది వచ్చినప్పుడు."

"పదకొండు కొట్టాను. తర్వాత నాలుగో అయిదో బల్లలు ఎక్కించాను. అప్పుడు."

యసుజో లెక్కగట్టాడు. బడి గేటు నుంచి వంతెనకి దిగుడు దారి. తడిసిన దారిలో, పరిగెత్తే పిల్లకి, ఒక చుట్ట కాల్చినంతసేపు.

అతడు ఎవరికీ చెప్పని సంగతి ఇది. వరద రోజు పొద్దున్న కలప యజమాని మనిషి వచ్చి, పైన రేవులో కట్టిన దుంగలు తెగేలా ఉన్నాయని తెప్పలవాళ్ళందర్నీ లాక్కుపోయాడు. వాన చూసి యసుజో పోనన్నాడు, వంతెన దగ్గరికి వెళ్ళాలన్నాడు. ఒక్క తాడు కట్టేసి వెళ్ళవయ్యా అన్నారు. కట్టాడు. ఇంకొకటి అన్నారు, అదీ కట్టాడు. పదకొండు దాటాక అతడు కట్టిన తాడే తెగింది. మూడు వందల దుంగలు ఒక్కసారి నదిలోకి దూకాయి. అతడు ఒడ్డు వెంట అరుస్తూ పరిగెత్తాడు. దుంగల వెంట మనిషి పరిగెత్తగలడా? వంతెన విరిగిన చప్పుడు మలుపు ఇవతల నుంచే విన్నాడు. వెళ్ళి చూస్తే వంతెన లేదు, వంతెన మీద ఎవరున్నారో చెప్పేవాడు లేడు. పిల్లలందర్నీ కొండదారిన పంపారని తెలిసినప్పుడు ఆ బురదలోనే కూర్చుని చేతులు జోడించాడు.

ఆరేళ్ళూ అతడు మోసిన ఆశలో సగం కినుయె బతికుందని. రెండో సగం, పోయినా తన దుంగల కింద మాత్రం పోలేదని. ముద్ర వెయ్యకుండా ఆపింది ఆ రెండో సగమే.

"నేనక్కడ లేను సెన్కిచీ," అన్నాడు. "దుంగలు కడుతున్నాను. వంతెనని కొట్టిన దుంగల తాడు నేను కట్టిందే."

సెన్కిచికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల దగ్గరికి జరిగాడు. ఇద్దరు ముసలివాళ్ళూ తలకిందులైన బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. మేస్త్రీ తన మనిషితో ఏదో పని ఉన్నట్టు కప్పు వైపు నడిచాడు. అక్కడ పనేమీ లేదు.

యసుజో కొక్కెం అందుకున్నాడు.

ఆరో తరగతి చెక్క మొదట వచ్చింది. మేకులు రాతి మీద పెట్టి సాపు చేశాడు. తర్వాత అయిదోది, నాలుగోది. సెన్కిచి రెండు చేతులతో బల్ల కాళ్ళు కదలకుండా పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమనలేదు. మూడోది వచ్చేటప్పుడు కర్ర కీచుమంది, సెన్కిచి కళ్ళు మూసుకున్నాడు. చివరి చెక్క కింద, బల్ల కాలి అసలు అడుగు తెల్లగా, కొత్తగా ఉంది. ఎవరూ తొక్కని నేల లాగా.

బల్లని లేపి నిలబెట్టాడు. మోకాలు దాటి ఒక జానెడు ఉంది, అంతే. అదే కినుయె కూర్చున్న ఎత్తు. మూడు నెలలు కూర్చుంది.

"ఇంటికి తీసుకెళ్తారా?" అంది హత్సుయో మెల్లగా.

యసుజో ఒకటో తరగతి బల్లల వరసలోకి దాన్ని జరిపి, చివర సర్దాడు. "పిల్లలున్నారు గదా," అన్నాడు.

మిగిలిన బల్లలు నాలుగు. అవీ తిప్పాడు, అవీ ఊడదీశాడు. పన్నెండింటి గంట సెన్కిచి కొట్టలేదు. మేస్త్రీయే వెళ్ళి కొట్టాడు. యసుజో ఖాళీ చట్రం వీపుకి తగిలించుకుని గేటు దాటాడు.

ఇంట్లో నోబు ఖాళీ చట్రం చూసింది. "బల్ల ఇవ్వలేదా మామయ్యా?"

"ఇచ్చారు."

మొహం చూసి ఆమె ఇంకేం అడగలేదు. బార్లీ అన్నం వడ్డించింది. యసుజో నడుం గుడ్డలోంచి ముద్ర తీసి కాగితం పక్కన పెట్టాడు. వెయ్యలేదు, పక్కన పెట్టాడు. నోబు వడ్డించే గరిట ఆగిపోయింది.

"మామయ్యా, ఏం తెలిసింది? నా దగ్గర దాచకండి."

"రేపు చెప్తానమ్మా. ఒక చోట చూసుకుని వచ్చి చెప్తాను."

ఆరేళ్ళూ అతడు, ఆశ్రమాలు తిరగని రోజుల్లో, కొండచరియ విరిగిపడ్డ చిన్నేటి వెంట వెతికాడు. అది వెతకాల్సిన నీళ్ళు కాదని ఇప్పుడు తెలిసింది. వంతెనని కొట్టిన దుంగలు ఎక్కడ తేలాయో అతడికి తెలుసు. ఆ ఏడు చలికాలంలో వెళ్ళి తాడేసి లాగినవాళ్ళలో తానూ ఒకడు. నది తోసినవన్నీ దిగువన కొడవలి మలుపు లోపలి ఒడ్డున, ఇసుక మేటలో దిగబడ్డాయి. పైకి కనిపించినవి మాత్రమే లాగారు. దుంగలతోపాటు వచ్చింది దుంగలతోపాటే ఆగుతుంది. నలభై ఏళ్ళ తెప్పలవాడికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మేట మీద ఇప్పుడు హత్సుయో మల్బరీ తోట ఉంది.

మర్నాడు తెల్లవారేటప్పటికి యసుజో పార భుజాన వేసుకుని కొడవలి మలుపు చేరాడు. హత్సుయో తలకి గుడ్డ కట్టుకుంటూ తలుపు తీసింది. అతడినీ, పారనీ చూసింది. పొద్దున్నే ఏదో ఒక వేళాకోళం ఆడకుండా ఉండలేని మనిషి, తల గుడ్డ ముడి బిగించింది.

యసుజో తోట వైపు చూశాడు. మొగ్గలు పగిలి లేతాకు వచ్చింది. ఇంకో నెలలో పురుగులకి మేత వెయ్యాలి. ఆమె ఏడాది తిండి ఆ ఆకు మీదే.

"నీ తోట తవ్వాలి," అన్నాడు. "మొత్తం తవ్వాల్సి రావచ్చు. మొక్కలు పోతాయి. పోతే మళ్ళీ నాటి పెంచి ఇస్తాను. నేను ఉన్నన్నాళ్ళూ ఇక్కడే పని చేస్తాను."

అతడి నోట అన్ని మాటలు వరసగా ఎవరూ విని ఉండరు. హత్సుయో గుమ్మం పట్టుకుంది.

"నిన్న బళ్ళోనే అనుకున్నాను, మీరొస్తారని. రాత్రంతా నిద్ర లేదు తాతా." ఆమె గొంతు అలా అతడెప్పుడూ వినలేదు. "మొత్తం తవ్వక్కర్లేదు. ఆ మూల, వెదురు పొద పక్కన, రెండు చాపలంత చోటు. అక్కడ నేను మొక్క వెయ్యలేదు."

యసుజో ఆమె వైపు తిరిగాడు.

"మొదటి ఏడు నాటేటప్పుడు పారకి తగిలింది. చూశాను. చెబితే ఆఫీసువాళ్ళు వచ్చి పట్టా లేని ఈ నేల లాగేసుకుంటారని భయం. అప్పుడు తిండి లేదు తాతా. మళ్ళీ మట్టి కప్పేశాను. ఏం చూశానో ఎవరికీ చెప్పలేదు. మీరు అడగండి, చెప్తాను."

యసుజో అడగలేదు. పార ఆమె గుమ్మంలోనే గోడకి ఆనించాడు. తలకి చుట్టిన గుడ్డ విప్పి మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. మంచు పట్టిన మల్బరీ వరసల మధ్య నుంచి, కొమ్మలు విరగకుండా చేత్తో పక్కకి తప్పిస్తూ, వెదురు పొద మూలకి నడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, వట్టి చేతులతో తవ్వడం మొదలెట్టాడు.